సంకల్పము – సవరణము

లోకమున పట్టుదలకు గౌరవము మెండు. చేపట్టిన పనిని కడముట్టించిన వానిని జనులు ధీరుడని కొనియాడుదురు. అదే లోకము, సమయమెరిగి నడక మార్చుకొన్న వానిని వివేకి యని మెచ్చుకొనును. ఈ రెండు ప్రశంసలను ఒక్కచోట నిలిపి చూచినచో చిక్కు బయటపడును. పట్టు విడువనివాడు గెలిచినచో ధీరుడు, ఓడినచో మూర్ఖుడు. బాట మార్చినవాడు గెలిచినచో వివేకి, ఓడినచో చపలచిత్తుడు. అనగా లోకమిచ్చు బిరుదు నిర్ణయమునకు గాక ఫలితమునకు చెందుచున్నది. ఫలితము తెలిసిన పిమ్మట తీర్పు చెప్పుట ఎవరికైనను సులభమే. ఫలితము తెలియని నాడు, నిర్ణయము చేయవలసిన నాడు, మానవుడు దేనిని ఆధారముగా గొనవలెను? ఇది పండితుల చర్చకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. పొలము గల రైతునకు, కొట్టు గల వర్తకునకు, బిడ్డకు చదువు నిర్ణయించు తండ్రికి, మఠమును నడపు పెద్దలకు, అందరికిని ఎప్పుడో ఒకనాడు ఇది ఎదురు కాక తప్పదు.

ఇట్టి ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె నేలమీద నిలిపి చూచుట మేలు. అందులకు నెల్లూరు సముద్రతీరమున గల తోటపల్లి గూడూరు ప్రాంతము తగిన తావు.

అది పెన్నానది డెల్టాలోని భూమి. 1855లో నెల్లూరు వద్ద ఆనకట్ట వెలసినది. 1886 నాటికి సంగము వద్ద మరియొకటి ఏర్పడినది. ఆ పిమ్మటి కాలమున సోమశిల జలాశయము నిర్మింపబడినది. ఈ నీటి బలముతో నెల్లూరు సీమ వరికి పేరుగాంచినది. నెల్లూరు మొలగొలుకులు అన్నచో తెలుగువారి విస్తళ్ళలో ప్రత్యేక స్థానముండెడిది. అయితే తోటపల్లి గూడూరు వంటి తీర మండలమునకు పడమటనుండి కాలువ నీరు వచ్చుచుండగా, తూర్పున బంగాళాఖాతము కాచుకొనియున్నది. సముద్రమునకు సమాంతరముగా బకింగ్‌హాం కాలువ సాగుచున్నది. ఒక ప్రక్క మంచినీరు, ఒక ప్రక్క ఉప్పునీరు. ఈ రెండింటి నడుమ తరతరముల రైతు సంకల్పము ఒక్కటిగానే యుండెను: ఉప్పును దూరమున నిలుపుట, మంచినీటితో వరి పండించుట.

1990 తరువాతి సంవత్సరములలో ఆ సంకల్పము తలక్రిందులైనది. విదేశముల విపణిలో టైగరు రొయ్యకు మంచి ధర పలికినది. నాలుగు మాసముల పంట. వరితో పోల్చరాని ఆదాయము. నిన్నటివరకు ఏ ఉప్పునీటిని గట్లు వేసి అడ్డుకొనిరో, ఆ ఉప్పునీటినే యంత్రములతో తోడి పొలములలో నింపసాగిరి. నెల్లూరు తీరమున రొయ్యల గుంటలు వేగముగా విస్తరించినవి. బయటి పెట్టుబడిదారులు వచ్చి భూములు కొనిరి, కౌలునకు గొనిరి.

ఆ దినములలోని ఒక చిన్న కమతపు రైతును ఊహింపవచ్చును. పేరుతో పనిలేదు. అతనికి మూడెకరముల మాగాణి, పెండ్లికెదిగిన కుమార్తె, వృద్ధుడైన తండ్రి. బావమరది వచ్చి, "బావా, చుట్టుపక్కల అందరూ గుంటలు తవ్విస్తా ఉండారు. నువ్వొక్కడివే వరి పట్టుకుని కూర్చుంటే ఏం మిగులుద్ది?" అని అడుగును. అరుగు మీది తండ్రి, "ఉప్పు దిగిన నేల మళ్ళీ తీపెక్కాలంటే ఎన్ని వానలు కురవాల్నో తెలుసా నాయనా?" అనును. ఇరువురును అతని మేలు కోరువారే. ఇరువురి మాటలోను సత్యము కలదు. బావమరది మాటలో రాబోవు ఆదాయము, తండ్రి మాటలో తిరిగిరాని నేల. రైతు ఎవరి మాట వినవలెను?

చరిత్ర ఎట్లు నడచినదో చూడవలెను. 1994లో తూర్పు తీరమున రొయ్యలకు వ్యాధి సోకినది. తెల్లమచ్చ తెగులు అని పిలువబడిన ఆ వైరసు వ్యాపించిన గుంటలో కొలది దినములలోనే పంట అంతయు తుడిచిపెట్టుకొనిపోయెడిది. వ్యాధి వ్యాపించుటకు గల ముఖ్యకారణములలో ఒకటి గమనింపదగినది. ఒకే కాలువనుండి, ఒకే ఉప్పుటేటినుండి అనేకులు నీరు తోడుకొనుచు, తమ గుంటలోని వాడిన నీటిని మరల అందులోనికే వదలుచుండిరి. ఒకని గుంటనుండి వెడలిన నీరే మరియొకని గుంటలోనికి ప్రవేశించెడిది. కావున ఒకని నష్టము ఒకనితో ఆగలేదు.

ఈ ఘట్టమున రెండు విధములైన పొరపాట్లు కనిపించుచున్నవి. అవి ఒకదానికొకటి వ్యతిరేకములుగా తోచినను, మూలమున ఒక్కటియే.

మొదటిది ఇరుగుపొరుగును చూచి బాట మార్చుట. పదిమంది త్రవ్వినారు గనుక పదునొకండవవాడు త్రవ్వుట. పదిమంది లాభము పొందిన మాట నిజమే. కాని ఆ లాభము పదిమందే యున్నంతవరకు నిలుచునది. నూరుగురు అదే నీటిని పంచుకొన్ననాడు పరిస్థితి వేరు. ఇతరుల గతకాలమును చూచి తన భవిష్యత్తును నిర్ణయించుకొనుట అను ఈ దోషమును లోకవ్యవహారమున గొఱ్ఱెదాటు అందురు.

రెండవది, చేసిన వ్యయమును చూచి పట్టు విడువకుండుట. మొదటి పంట పోయినది. అప్పు తెచ్చి రెండవ పంట వేసిరి. అదియు పోయినది. "ఇంత పెట్టితిమి, ఇప్పుడు విడిచినచో పెట్టినదంతయు పోవును గదా" అని మూడవసారి బంగారము కుదువబెట్టిరి. ఈ వాదమున ఒక మాయ కలదు. పోయిన ధనము పోయినదే. కొనసాగించినను అది రాదు, విరమించినను అది రాదు. నిర్ణయము చేయవలసినది చేతిలో మిగిలిన రూపాయిని గూర్చి మాత్రమే. పోయినదానిని రక్షించుటకై ఉన్నదానిని వెచ్చించుట గతజల సేతుబంధనము. నీరు వెడలిపోయిన పిమ్మట కట్టు కట్టుట వంటిది.

మొదటివాడు ప్రక్కవానిని చూచెను, రెండవవాడు వెనుకకు చూచెను. ఇరువురును ముందున్న దారిని చూడలేదు. ఇదియే ఆ రెండు పొరపాట్లకు గల సామాన్య మూలము.

అయితే ఆదాయవ్యయములతోనే విషయము ముగిసినచో ఇది వ్యాపారశాస్త్రమగునుగాని ధర్మవిచారము కాదు. గుంటలోని ఉప్పు గట్టుతో ఆగదు. నేలలో ఇంకి ప్రక్క పొలములోని వరిమడికి చేరును, త్రాగునీటి బావిని చేరును. వరి నాట్లతోను కోతలతోను జీవించిన కూలి స్త్రీలకు, రొయ్యల గుంటలో అంతటి పని దొరకదు. గుంట త్రవ్వనివాడును త్రవ్వినవాని నిర్ణయఫలమును అనుభవింపవలసివచ్చెను. ఈ బాధలే న్యాయస్థానమునకెక్కినవి. సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యమున భారత సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 11న తీర్పు చెప్పినది. తీరప్రాంత నియంత్రణ మండలములోని రొయ్యల పరిశ్రమను 1997 మార్చి 31లోగా తొలగింపవలెననియు, కాలుష్యము చేసినవారే నష్టపరిహారము చెల్లింపవలెననియు అందులో ఆదేశింపబడినది. కాని ఆ తీర్పు రొయ్యల పెంపకమునే పాపమనలేదు. సంప్రదాయ పద్ధతిలోను, దానిని మెరుగుపరచిన పద్ధతిలోను జరుగు పెంపకమును వేరుగా నుంచినది. అనగా ప్రశ్న రొయ్యను గూర్చినది కాదు. పద్ధతిని గూర్చినది, ఆ పద్ధతి భారమును మోయువారిని గూర్చినది.

ఆ తీర్పును అక్షరశః అమలుపరచుటకు ముందే పునర్విచారణ కోరుచు అర్జీలు దాఖలైనవి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమును చేసి, నమోదును, నియమములను ఏర్పరచినది. 2009లో వన్నామి రొయ్యకు అనుమతి లభించుటతో సాగు మరల పుంజుకొన్నది. వ్యాధిలేని తల్లిరొయ్యలనుండి పిల్లలను ఉత్పత్తి చేయుట, పిల్లలను పరీక్షించి వదలుట, నీటిని శుద్ధిచేసి వాడుట మొదలగు జాగ్రత్తలు అలవాటైనవి. ఆంధ్రప్రదేశ్ దేశమున రొయ్యల ఉత్పత్తిలో అగ్రస్థానమునకు చేరినది. తుదకు 2025 ఆగస్టులో అమెరికా భారతదేశపు సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు, తీరమునందలి రైతు ముందు పాత ప్రశ్న క్రొత్త రూపమున నిలిచినది. గుంటను కొనసాగింపవలెనా, తగ్గింపవలెనా, పూడ్చవలెనా? ఒకసారి నిర్ణయించినచో జీవితాంతము తీరిపోవు ప్రశ్న కాదిది.

ఇక విచారణ ధర్మము వైపు మరలవలెను. మానవుడు పట్టుకొనునవి రెండు విధములు. ఒకటి వ్రతము, రెండవది ఉపాయము. నిజాయితీతో కష్టించుట, కుటుంబమును పోషించుట, పొరుగువానికి కీడు చేయకుండుట, ఉన్నదానిలో పంచుట, ఇవి వ్రతములు. వరియా, రొయ్యయా, కొబ్బరియా అనునది ఉపాయము. బసవేశ్వరుడు బోధించిన కాయకము ఒక పంటకు, ఒక పనిముట్టునకు కట్టుబడినది కాదు. శరణులు చెప్పులు కుట్టిరి, పడవ నడిపిరి, బట్టలు ఉదికిరి, నూలు వడకిరి. వృత్తులు అనేకములు, నియమము ఒక్కటి: సంపాదన శుద్ధముగా నుండవలెను, దాసోహమునకు ఉపయోగపడవలెను. ఉపాయమును వ్రతమని భ్రమించినవాడు మొండివాడగును. వ్రతమును ఉపాయమని తేలికపరచినవాడు అవకాశవాది యగును.

బసవేశ్వరుని జీవితముననే ఈ భేదము కనిపించును. కల్యాణమున హరళయ్య కుమారునకు మధువరసుని కుమార్తెతో జరిగిన వివాహము బిజ్జలుని ఆగ్రహమునకు కారణమైనదనియు, ఆ తండ్రులిరువురును క్రూరదండనకు గురియైరనియు, బసవేశ్వరుడు కల్యాణమును వీడి కూడలసంగమమునకు చేరెననియు సంప్రదాయము చెప్పుచున్నది. మంత్రిపదవిని విడిచెను, నగరమును విడిచెను. కులభేదము లేదను మాటను విడువలేదు. చెదరిన శరణులతోపాటు వచనములును దేశమున వ్యాపించినవి. ఆ పిమ్మట పాల్కురికి సోమనాథుడు శివభక్తుల కథలను తెలుగున చెప్పదలచినపుడు, పండితులు గౌరవించు చంపూమార్గమును గాక సామాన్యజనులు పాడుకొనదగిన ద్విపదను ఎన్నుకొనెను. చెప్పవలసినది మారలేదు, చెప్పుదారి మారినది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. తెలివిగలవాడు తనకు బరువైన ప్రతి వ్రతమును "ఇది ఉపాయమే" అని చెప్పి జారవిడువవచ్చును గదా? ఈ ఆక్షేపణ బలమైనదే. దీనికి సమాధానము భారతకథలోని భీష్ముని రెండు సందర్భములలో దొరకును. సత్యవతి కుమారులకు రాజ్యము దక్కుటకై దేవవ్రతుడు బ్రహ్మచర్యము పూనెను, సింహాసనము విడిచెను. ఆ కుమారులిరువురును సంతానము లేకయే గతింపగా, సత్యవతియే వచ్చి ప్రతిజ్ఞ విడువుమని కోరెను. అతడు అంగీకరింపలేదు. ప్రతిజ్ఞ విడిచినచో తనకు రాజ్యము, భార్య, సంతానము కలుగును. తనకే లాభము కలిగించు మార్పును అతడు శంకించెను. ఆ శంక ధర్మబద్ధము. ఆ పట్టుదల వ్యయమును అతడే భరించెను. కాని ద్రౌపది సభలో అవమానింపబడిన నాడు, అదే భీష్ముడు ధర్మము సూక్ష్మమని పలికి ఊరకుండెను. సింహాసనము పట్ల గల విధేయతను వీడలేదు. ఆనాటి పట్టుదల వ్యయమును భరించినది అతడు కాదు, ఒక అబల. మనిషి ఒక్కడే, స్థిరత్వము ఒక్కటే. మొదటిది మహత్త్వముగాను, రెండవది మచ్చగాను మిగిలినది. భేదము భారము మోసినవారియందున్నది.

బాట మార్చుట విషయమునను ఇదియే కొలత. 1921 ఏప్రిల్ 7న మహాత్మాగాంధి పెన్నాతీరమున, తోటపల్లి గూడూరునకు చేరువనే యున్న పల్లిపాడున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. సహాయనిరాకరణోద్యమము దేశమంతటను ఉప్పొంగుచున్న కాలమది. పది మాసములకు, 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరాలో జనసమూహము పోలీసుఠాణాకు నిప్పుపెట్టి పోలీసులను చంపినది. గాంధి ఉద్యమమును నిలిపివేసెను. కారాగారమున నున్న సహచరులే ఆక్షేపించిరి. మార్చి నెలలో ఆయనకు ఆరు సంవత్సరముల శిక్ష పడినది. ఆ మార్పు వలన ఆయనకు కలిగిన సౌఖ్యమేదియు లేదు. నింద కలిగినది, చెర కలిగినది. తప్పినది ఇతరుల రక్తపాతము. అహింస వ్రతము, ఉద్యమము ఉపాయము. ఉపాయము వ్రతమును మ్రింగబోవునపుడు ఆయన ఉపాయమును ఆపెను. ఆనాడు ఆపుట సరియా కాదా అని నేటికిని వాదించువారు కలరు. కాని ఆయన తన సుఖమునకై ఆపెనని వాదించువారు అరుదు.

కావున ఈ సూత్రము నిలుచుచున్నది. మార్పు వలన సుఖము తనకు, భారము పరులకు అగునపుడు ఆ మార్పును శంకింపవలెను. పట్టుదల వలన కీర్తి తనకు, భారము పరులకు అగునపుడు ఆ పట్టుదలను కూడ శంకింపవలెను.

మరియొక ఆక్షేపణ మిగిలియున్నది. ప్రతిదినము ఈ విధముగా ప్రశ్నించుకొనువాడు ఏ పనినైనను కడముట్టించునా? కొబ్బరిమొక్క నాటినవాడు కొన్ని సంవత్సరములు కాయకొరకు వేచియుండవలెను. రెండవ యేటనే పెరికివేసినచో దక్కునదేమి? ఇందులకు సమాధానముగా కష్టమునకును సూచనకును గల భేదమును గుర్తింపవలెను. పని ప్రారంభించిన నాడే ఊహించిన కష్టము విరమణకు కారణము కాదు. నెల్లూరు తీరమున తుఫాను వచ్చుట క్రొత్త కాదు. ఒక యేట తుఫానుకు వరి పడిపోయినంతమాత్రమున వరిని విడుచుట పిరికితనము. కాని ఏ ఆధారముపై సంకల్పము నిలిచినదో ఆ ఆధారమే కదలినపుడు అది సూచన. కాలువ చివరి భూమికి వరుసగా ఎన్నో యేండ్లు నీరు రాకున్నచో వరి సంకల్పమునకు ఆధారము కదలినట్లే. రొయ్యకు ఒకసారి ధర తగ్గుట కష్టము. నలుగురు పంచుకొను నీటిలోనే రోగము నిలిచిపోవుట సూచన. కష్టమునకు తల ఒగ్గరాదు, సూచనను త్రోసిపుచ్చరాదు.

కష్టమేదో సూచన యేదో ఆపదలో నున్నవానికి తెలియుట దుర్లభము. అప్పులవాడు వాకిట నిలిచిననాడు బుద్ధి నిర్మలముగా పనిచేయదు. అందుచేత ఆగవలసిన ఎల్లను ప్రారంభదినముననే నిర్ణయించుకొనుట ఉత్తమము. ఎంత ధనము పోయినచో ఆపవలెను, ఎన్ని పంటలు తప్పినచో ఆపవలెను, పొరుగువాని బావినీరు ఉప్పగిలినట్లు తెలిసినచో ఏమి చేయవలెను అనునవి జమాఖర్చుల పుస్తకము మొదటి పుటయందే వ్రాసికొనవలెను. భార్యకు, తండ్రికి చదివి వినిపింపవలెను. నాటి నిర్మలబుద్ధి నేటి ఆవేశమును పట్టి నిలుపును. ఎల్ల దాటనంతవరకు ధైర్యముగా సాగవచ్చును. దాటిననాడు సిగ్గుపడక ఆగవచ్చును.

ఇక ఆ మూడెకరముల రైతు మాట. మంచినీటి మడిని ఉప్పుగుంటగా మార్చుట సులభము. ఉప్పుగుంటను మరల మడిగా మార్చుట ఎన్నో వానల పని. మరలిరాగల దారిలో అడుగు వేయుటకు కొలది ఆలోచన చాలును. మరలిరాలేని దారిలో అడుగు వేయుటకు ముందు ఎంత ఆలోచించినను ఎక్కువ కాదు. తండ్రి చెప్పదలచినది ఇదియే. అట్లని బావమరది మాట త్రోసివేయదగినది కాదు. కుమార్తె పెండ్లి, ఇంటి ఆకలి నిజములే. ఇప్పటికే ఉప్పుబారిన భూమి యున్నచో అచట ప్రయత్నింపవచ్చును. పొరుగువారితో కూడి, నీరు తోడుటకును వదలుటకును కట్టుబాటు చేసికొని, నియమములకు లోబడి సాగింపవచ్చును. ప్రక్కమడికి ఉప్పు దిగకుండ మార్గము దొరకనిచో, లాభమెంత యున్నను మానుకొనవలెను. అతడు వరియందే నిలిచినను, రొయ్యకు మరలినను, రెండింటిని కలుపుకొన్నను, మరునాటి ఉదయమున గట్టుమీద ఎదురైన పొరుగురైతు ముఖమును తలయెత్తి చూడగలిగినచో ఆ నిర్ణయము ధర్మమున నిలిచినట్లే. ఫలితము ఈశ్వరాధీనము, ఆ చూపు మాత్రము రైతు అధీనము.